పేక ఇంద్రజాలం మీద తెలుగు పుస్తకం, 500 కాపీలు: ముందు బైండింగ్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగినదాన్ని కుదించి చెప్పుకుంటే ఇదీ విషయం. పేకముక్కలతో చేసే ఇంద్రజాలం మీద తెలుగులో పుస్తకం రాశారు. డెమ్మీ సైజులో 160 పేజీలు వచ్చింది, 40 ట్రిక్కులు, మొబైల్‌తో తీసిన 200 ఫోటోలు. విశాఖలోనే 500 కాపీలు అచ్చు వేయించి సొంతంగా అమ్ముదామనుకుంటున్నారు. ప్రెస్సు వాళ్లు 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువున్న) మాప్లిథో, అంటే పూత లేని మామూలు పుస్తకాల కాగితం, పర్ఫెక్ట్ బైండింగ్, గ్లాసీ లామినేషన్ చాలన్నారు. సరిపోతుందా, ఇంకేం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నవలకైతే సరిపోతుందండి. దీనికి సరిపోదు. నవల చదివేవాడు పుస్తకాన్ని చేత్తో పట్టుకుంటాడు. మీ పాఠకుడి ఎడమ చేతిలో పేక కట్ట ఉంటుంది, కుడి చేతి వేళ్లు దాని మీద ఉంటాయి, పుస్తకం బల్ల మీదో మంచం మీదో పడి ఉంటుంది. అది దానంతటదే మూసుకుపోతే కట్ట కింద పెట్టాలి. పెడితే పావుగంట తంటాలు పడి కుదుర్చుకున్న పట్టు పోయినట్టే. వంట పుస్తకానికీ ఇలాంటి ఇబ్బందే ఉంది గానీ, గరిటె పక్కన పెడితే కూర ఎక్కడికీ పోదు. కాబట్టి బైండింగ్, సైజు, అక్షరం, బొమ్మ, వాక్యం అన్నీ రెండు చేతులూ ఖాళీ లేని మనిషి కోసమే అనుకుని నిర్ణయించండి.

పర్ఫెక్ట్ బైండింగ్‌లో వెన్ను కోసేసి వేడి జిగురు పూస్తారు. పుస్తకం పూర్తిగా పరుచుకోదు. బలవంతాన నొక్కితే జిగురు పగిలి, నొక్కిన చోటే పేజీలు ఊడతాయి. ఈ పుస్తకాన్ని అందరూ నొక్కుతారు. మీకు కావలసింది సెక్షన్ కుట్టు: 16 పేజీల ఫారాన్ని (కలిపి అచ్చేసి మడిచే పేజీల గుంపుని) మడిచి, మడత మధ్యలోంచి దారం పోనిచ్చి, ఫారాలను ఒకదానికొకటి కలిపి కుట్టడం. బైండరు దగ్గర ఒట్టి "కుట్టు" అనకండి. కొందరు ఆ మాటకి పక్క కుట్టు అని అర్థం చేసుకుంటారు, అంటే పేజీలన్నీ దొంతర పెట్టి అంచుకి కాస్త లోపల పొడవడం. గట్టిగానే ఉంటుంది, కానీ పర్ఫెక్ట్ కన్నా తక్కువ తెరుచుకుంటుంది. "మడతలోంచి కుట్టు" అని చెప్పి, ఖాళీ కాగితాలతో ఒక డమ్మీ (నమూనా పుస్తకం) కుట్టించి, బల్ల మీద తెరిచి చేతులు తీసేసి చూడండి. వైరో బైండింగ్ (రంధ్రాల్లోంచి తీగ చుట్టలు పోనిచ్చేది) అన్నిటికన్నా బాగా పరుచుకుంటుంది గానీ వెన్ను మీద పేరు ఉండదు, షాపు వాళ్లు అరలో పెట్టరు, రంధ్రాల దగ్గర పేజీలు చిరుగుతాయి.

ఇక సైజు. 1/8 డెమ్మీ పేజీ కోసిన తర్వాత సుమారు 5.5 × 8.5 అంగుళాలు. అందులో మాట పక్కన బొమ్మ పట్టదు, బొమ్మ కింద మాటే పెట్టాలి. దాంతో చెయ్యి ఒక పేజీలో, దాని వివరణ మరో పేజీలో పడతాయి. 1/4 క్రౌన్‌కి మారండి, సుమారు 7.25 × 9.5. పేజీ విస్తీర్ణం దాదాపు ఒకటిన్నర రెట్లు కాబట్టి మీ 160 పేజీలు 110కి కాస్త అటూ ఇటూగా వస్తాయి. 112కి సర్దితే సరిగ్గా 7 ఫారాలు, ఖాళీ పేజీ ఉండదు.

ఖర్చు పెరుగుతుందని భయపడక్కర్లేదు, లెక్క చూడండి. డెమ్మీలో 160 పేజీలకు ఒక్కో కాపీకి 23 × 36 షీట్లు 5, అంటే 500 కాపీలకు 2,500 షీట్లు, 5 రీములు. 80 జీఎస్ఎంలో రీము 21.4 కిలోలు, మొత్తం 107 కిలోలు. క్రౌన్‌లో 112 పేజీలకు 20 × 30 షీట్లు 7, అంటే 3,500 షీట్లు, 7 రీములు. రీము 15.5 కిలోలు, మొత్తం 108న్నర. కాగితం కిలో లెక్కనే కొంటారు కాబట్టి తేడా నామమాత్రం. దీనిపైన వేస్టేజీ ఉంటుంది. 500 లాంటి చిన్న రన్నులో మెషీను సర్దుకునేలోపు ఒక్కో ఫారానికి 50 నుంచి 75 షీట్లు పోతాయి. కాబట్టి 8 రీములు కొనండి.

కాగితం 80 జీఎస్ఎం, లేత పసుపు ఛాయ ఉన్నది మేలు. 70లో వెనక పేజీ బొమ్మలోని నల్ల గీత ఇవతలికి కనబడుతుంది. వేళ్ల బొమ్మలో అలాంటి నీడ ఒక్కటి పడినా చదివేవాడికి ఆరో వేలు కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది, గ్రెయిన్. కాగితంలో పీచు ఒక దిక్కుగా పరుచుకుని ఉంటుంది. ఆ దిక్కు పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. తేమ తగిలితే కాగితం పీచుకి అడ్డంగా ఉబ్బుతుంది. గ్రెయిన్ వెన్నుకి అడ్డంగా ఉంటే ఆ ఉబ్బు వెన్ను పొడవునా రావాలి, అక్కడేమో జిగురూ దారమూ కదలనివ్వవు. అందుకే పేజీ మడత దగ్గర అలలుగా లేస్తుంది, తెరిచినా నిటారుగా నిలబడుతుంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. డెమ్మీ 1/8లో మడతల లెక్క ప్రకారం గ్రెయిన్ 36 అంగుళాల వైపు ఉండాలి. 1/4 క్రౌన్‌లో మాత్రం 20 అంగుళాల వైపు, అంటే షీటు పొట్టి వైపు ఉండాలి. గ్రెయిన్ పొడుగు వైపు ఉన్న షీటు ఇచ్చేస్తే పని చెడినట్టే, కాబట్టి కొనేముందే అడగండి. తేల్చుకోవడం తేలిక. షీటులోంచి అంగుళం వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు ఉన్న రెండు పట్టీలు కోయండి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. రెండింటినీ ఒక కొస దగ్గర పట్టుకోండి. తక్కువ వాలేదాని పొడవే గ్రెయిన్ దిక్కు.

అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు చాలు. గ్లాసీ లామినేషన్ వద్దు. బయట ప్లాస్టిక్ పొర, లోపల ఉత్త కాగితం. వానాకాలంలో లోపలి వైపు తేమ పీల్చి సాగుతుంది, పొర సాగదు, అట్ట బయటికి చుట్టుకుపోతుంది. వార్నిష్ వేయించండి. లామినేషనే కావాలంటే రెండున్నర అంగుళాల మడత రెక్కలు పెట్టించండి, వంకర తగ్గుతుంది. పైగా ఎడమ చేతి పట్టు బొమ్మలను ఆ రెక్కల మీదే వేస్తే పాఠకుడికి పేజీలు వెనక్కి తిప్పే అవసరం ఉండదు.

ఫోటోల సంగతి చెబితే బాధపడకండి. ఆ 200లో వాడుకోదగ్గవి బహుశా ఉండవు. మాప్లిథో మీద సిరా పాకుతుంది, చుక్కలు లావెక్కుతాయి, చేతి రంగు బూడిదముద్ద అవుతుంది, ఏ వేలు ఎక్కడ ఆగిందో తెలీదు. తెల్ల అంచు ఉన్న ముక్క లేత వెనకతెర మీద కలిసిపోతుంది. సెల్ఫీ కెమెరాతో తీసినవైతే ఇంకో ప్రమాదం: కొన్ని ఫోన్లు బొమ్మని అద్దంలోలాగా తిప్పి దాస్తాయి, ఎడమ చెయ్యి కుడి చెయ్యయి కూర్చుంటుంది. ముక్క మూలలోని జె, కె అక్షరాలు చూడండి, అవి తిరగబడి ఉంటే చెయ్యీ తిరగబడినట్టే. ముక్కలు బోర్లా ఉన్న ఫోటోలో ఆ ఆనవాలు కూడా దొరకదు.

ఫోటోలు పారేయకండి, వాటి మీద గీయించండి. ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో 1902లో చికాగోలో రచయితే సొంతంగా వేసుకున్న 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్'లో ఉన్నవి ఎం.డి.స్మిత్ గీసిన 101 బొమ్మలే. ఈ రంగంలో గీత బొమ్మ అప్పుడూ ఇప్పుడూ నడుస్తోందంటే కారణముంది: అక్కర్లేనిది వదిలేయొచ్చు, దాగి ఉన్న వేలుని చుక్కల గీతతో చూపొచ్చు. బొమ్మలు వెక్టర్‌లో (ఎంత పెంచినా గీత చెదరని ఫైలులో) ఉండాలి, లేదా అచ్చు సైజులో 1,200 డీపీఐ, అంటే అంగుళానికి 1,200 చుక్కలు. చేతి అంచు గీత 1 పాయింటు, లోపలి ముడతలకు అర పాయింటు. ముక్క వెనక డిజైన్‌గా కంపెనీ బొమ్మను దించకుండా మామూలు గళ్లు గీయించండి, హక్కుల గొడవ ఉండదు, బొమ్మా తేటగా ఉంటుంది. అచ్చు ఒక్క రంగే కాబట్టి ఇస్పేటు, కళావరు గుర్తులను నింపి, ఆఠీను, డైమను గుర్తులను ఒట్టి గీతగా వదలండి. ప్రతి బొమ్మకింద "మీకు కనిపించేది" లేదా "చూసేవాళ్లకు కనిపించేది" అని రాయాల్సిందే. 200 అక్కర్లేదు, సగటున ట్రిక్కుకి మూడు చొప్పున 120 బొమ్మలు చాలు.

అసలు పని మాత్రం వాక్యాల దగ్గరే ఉంది. మీరు పెట్టిన నమూనా పేజీలో ఈ వాక్యం ఉంది: "ముందు పై ముక్కను జాగ్రత్తగా తిప్పి వెనక్కి పెట్టండి." ఇందులో నాలుగు మాటలకు రెండేసి అర్థాలున్నాయి. "ముందు" అంటే మొదటగానా, ఎదుటి వైపునా? "పై" అంటే కట్టలో మీద ఉన్నదా, అవతలి అంచు వైపుదా? "తిప్పి" అంటే బోర్లించడమా, గడియారం ముల్లులా తిప్పడమా? "వెనక్కి" అంటే మీ వైపుకా, మళ్లీ కట్టలోకా? మామూలు మాటల్లో సందర్భం మనల్ని కాపాడుతుంది, ఇక్కడ కాపాడదు. జాగ్రత్తగా అన్న మాటైతే కొట్టేయండి, దాని వల్ల ఏ వేలూ కదలదు.

ఈ పనికి తెలుగులో మంచి మాటలే ఉన్నాయి. అంచులకు "ఇవతలి అంచు, అవతలి అంచు". ముక్క స్థితికి "బోర్లా, వెల్లకిలా". ముక్క రెండు ముఖాలకు "బొమ్మ వైపు, వీపు వైపు". కాలానికి "మొదట, తరవాత" మాత్రమే వాడి, "ముందు, వెనక" అన్నవి పుస్తకం మొత్తంలో నిషేధించండి. కట్టలో స్థానానికి "మీదున్న ముక్క, అడుగు ముక్క". పేక కలపడం, కోయడం, పంచడం ఎలాగూ ఇంటింటా ఉన్న మాటలే. ఇంగ్లిష్ పేరున్న చేతి పనులకు, డబుల్ లిఫ్ట్ (రెండు ముక్కలను ఒకటే అన్నట్టు ఎత్తడం), పామ్ (ముక్కను అరచేతిలో దాచడం) లాంటివాటికి, పేరు అలాగే తెలుగు లిపిలో ఉంచి మొదటిసారి ఒక వాక్యంలో విప్పండి. కొత్త సంస్కృత సమాసాలు పుట్టిస్తే చదివేవాడు బయట ఎక్కడా ఆ పనిని వెతుక్కోలేడు. ఇస్పేటు, ఆఠీను అనాలా, స్పేడు, హార్టు అనాలా అన్నది మీ ఇష్టం. ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి.

వాక్యం అమరిక కూడా చూసుకోండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం పొడుగైతే చెయ్యి గాల్లో ఆగి, ఏం చెయ్యాలో తెలియడానికి ఫుల్‌స్టాప్ దాకా ఎదురుచూడాలి. ఏ చెయ్యి, ఏ వేలు, ఎక్కడ, ఏం చేయాలి, ఈ వరసలో ఒక వాక్యానికి ఒకే కదలిక ఉండాలి. మీద ఉన్న రెండు ముక్కల కింద చిటికెనవేలితో సందు పెట్టడాన్ని ఇలా రాయొచ్చు:

"కట్ట ఎడమ చేతిలో, పంచే పట్టులో, బోర్లా ఉంది. కుడి అరచేతిని దాని మీదకు తెండి. కుడి బొటనవేలు ఇవతలి అంచుకి, మిగతా వేళ్లు అవతలి అంచుకి ఆనతాయి. కుడి బొటనవేలి కొసతో మీదున్న ముక్క ఇవతలి అంచును అగ్గిపుల్ల మందం లేపండి. దాన్ని వదలకుండా రెండో ముక్కనూ అంతే లేపండి. ఎడమ చిటికెనవేలి కొసన ఉన్న కండను ఇవతలి కుడి మూలలో ఆ రెండింటి కిందకు దూర్చండి. గోరు దూరితే సందు ఎక్కువైనట్టు. కుడి బొటనవేలితో ముక్కలను కిందకు దించండి. ఎదురుగా అద్దంలో చూస్తే కట్ట పూర్తిగా మూసి ఉండాలి."

గోరు సంగతి గమనించారా. ప్రతి చేతి పనికీ "ఇలా అయితే తప్పు" అన్న వాక్యం ఒకటి ఉండాలి. పక్కన గురువు లేని చోట ఆ వాక్యమే గురువు. కట్టతో చదివేవాడికి తన తప్పు తనకు కనబడే గుర్తు కావాలి: మీదున్న ముక్క పక్కకి జరిగిందా, రెండో ముక్క మూల బయటికి వచ్చిందా, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయా. మీ 40 ట్రిక్కులకూ ఇలా రాస్తే పేజీలు పెరుగుతాయి. పెరిగితే ట్రిక్కులు 30కి తగ్గించండి గానీ ఈ వాక్యాలు తీయకండి.

రాత అయ్యాక, ఇంద్రజాలం తెలియని ఇద్దరికి ఒక్కో అధ్యాయం, ఒక్కో కట్ట ఇచ్చి కూర్చోబెట్టండి. మీరు నోరు విప్పకూడదు. చేతులు ఆగిన చోటల్లా ప్రూఫులో గీత పెట్టుకోండి, తిరగరాయాల్సింది ఆ వాక్యాలనే.

పేజీ అమరికకు ఒకటే నియమం: ప్రతి చేతి పనీ ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలో ముగియాలి. అలా కుదరకపోతే ముక్కలు బల్ల మీద పెట్టే చోట పేజీ మారాలి. అక్షరం 13 పాయింట్లు, వరస దూరం 19 లేదా 20. పుస్తకం చేతిలో కాక బల్ల మీద ఉంటుంది, కంటికి దూరం పెరుగుతుంది. వరసలు దగ్గరైతే పై వరస వత్తులు కింది గుడులకు తగులుతాయి.

డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేస్తామంటే అచ్చుకి ఇబ్బందేమీ లేదు. రేపు ఈ-బుక్ చేయాలన్నా, వాక్యం వెతకాలన్నా మళ్లీ మొదటికొస్తుంది. మందలి లాంటి యూనికోడ్ ఫాంటుతో ఇన్‌డిజైన్‌లో చేయించండి. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపుల్లాంటివాటిని సరిగ్గా పేర్చే సెట్టింగు) ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ఇస్పేటు, ఆఠీను గుర్తులు చాలా తెలుగు ఫాంట్లలో ఉండవు. తెర మీద వేరే ఫాంటులోంచి అరువు తెచ్చుకుని కనిపించి, పీడీఎఫ్‌లో ఖాళీ డబ్బాలవుతాయి. గుర్తులకు విడిగా ఒక ఫాంటు కేటాయించి, ఫాంట్లన్నీ పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయ్యాయో లేదో చూడండి.

హక్కుల దగ్గర చట్టం ఒకటి, మర్యాద ఒకటి. చట్టం పద్ధతిని కాపాడదు, దాన్ని చెప్పిన మాటలనూ బొమ్మలనూ కాపాడుతుంది. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. మారుపేరుతో వచ్చి రచయిత ఎవరో తేలనిదైతే అచ్చయినప్పటి నుంచి 60. కాబట్టి ఎర్డ్‌నేస్ పుస్తకాన్ని తెలుగు చేయడానికి ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేక ఇంద్రజాలంలో పేరు మోసిన డై వెర్నాన్ 1992లో పోయారు, ఆయన రాసినవాటి జోలికి అనుమతి లేకుండా వెళ్లకండి. మర్యాద ఇంతకన్నా కఠినం: ఎవరిదైనా ట్రిక్కు ఇప్పుడు అమ్మకంలో ఉంటే చట్టం ఊరుకున్నా ఇంద్రజాలికులు ఊరుకోరు. ప్రతి ట్రిక్కు చివరా ఎవరు కనిపెట్టారు, మొదట ఎందులో వచ్చింది, ఏ ఏడాది అన్నది రాయండి. అనుమతి అడిగే ఉత్తరంలో భాష, కాపీల సంఖ్య, ఈ-బుక్ ఉందో లేదో, ఎన్ని ఉచిత కాపీలు పంపుతారో స్పష్టంగా ఉండాలి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ నుంచి ఉచితంగా వస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు. డబ్బు అడిగే మధ్యవర్తులతో పని లేదు. అట్ట ఫైనల్ చేసేలోపు నంబరు చేతికి రావాలి, బార్‌కోడ్ అక్కడే పడుతుంది. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. 1954 నాటి చట్టం అది, చిన్న ప్రచురణకర్తలు ఎక్కువగా మరిచిపోయేదీ అదే.

ధర దగ్గర ప్రింటింగ్ బిల్లొక్కటే చూడకండి. ఉదాహరణకి కాపీకి అచ్చు, బైండింగ్ రూ.130, బొమ్మలకు మొత్తం రూ.30,000 అనుకుందాం. బొమ్మలకే కాపీకి రూ.60 పడింది. ధర రూ.400 పెట్టి షాపుకి 40 శాతం ఇస్తే మీకు వచ్చేది రూ.240, మిగిలేది రూ.50. సమీక్షలకూ స్నేహితులకూ 40 కాపీలు పోతే అదీ తగ్గుతుంది. కాబట్టి ఇలాంటి పుస్తకాన్ని నేరుగా అమ్మాలి. పుస్తకం మీద జీఎస్టీ లేదు గనక ప్రింటింగ్ బిల్లు మీద మీరు కట్టినది తిరిగి రాదు, ఖర్చులోనే వేసుకోండి. పేక కట్టను జత చేసి అమ్మితే కట్ట మీద పన్ను ఉంది, బిల్లులో విడిగా చూపండి. పీడీఎఫ్ మాత్రం అమ్మకండి. పొద్దున అమ్మితే సాయంత్రానికి టెలిగ్రామ్‌లో ఉంటుంది.

నన్నడిగితే మొదటే 500 కాపీల ఆఫ్‌సెట్‌కి (ప్లేట్లు చేసి వేసే అచ్చుకి) వెళ్లొద్దు. 60 కాపీలు ప్లేట్లు అక్కర్లేని డిజిటల్‌లో వేయించండి. 13 × 19 షీటు మీద నాలుగు పేజీలు పడతాయి, నాలుగు షీట్లు ఒకదాంట్లో ఒకటి మడిస్తే 16 పేజీల ఫారం, అదే కుట్టు కుదురుతుంది. కాపీకి ఎక్కువే పడుతుంది. కానీ ఆ 60 మంది పట్టిచ్చే తప్పులు 500 కాపీల్లో ఉంటే, ప్రతిదాంట్లో తప్పొప్పుల పట్టిక చీటీ పెట్టుకుంటూ కూర్చోవాలి.

ఆఫ్‌సెట్ వేసేటప్పుడు అక్టోబర్, నవంబర్ నెలలు తప్పించండి. తుపాన్ల కాలం, హుద్‌హుద్ 2014లో అక్టోబర్ 12నే వచ్చింది. గాలిలో తేమ ఎక్కువైతే సిరా ఆరడం ఆలస్యమై ఎదుటి పేజీకి అంటుకుంటుంది, మడిచే ముందు కనీసం ఒక రోజు ఆరనివ్వమనండి. పది కాపీల చొప్పున ష్రింక్ ప్యాక్ చేయించి, నేల మీద కాకుండా చెక్క పలకల మీద, బయటి గోడకి జానెడు ఎడంగా, పడుకోబెట్టి పేర్చండి. నిలబెడితే ఆరు మిల్లీమీటర్ల పుస్తకం నెల తిరక్కుండా వంగుతుంది.